జారీ పద్దు

నంబరు రెండువేల నూట పద్దెనిమిది.
గొట్టం మీదా అదే, చట్రం మీదా అదే.
ఒకే కడుపున పుట్టినవి.
మ్యాగజైను మాత్రం ఎవరింటిదో.
పక్కన చిన్న గడిలో ఫిన్నిష్ సైన్యం ముద్ర.
ఇంతవరకూ భూతద్దం చాలు,
ఆపైన అంతా కాగితాల పని.

రౌతనియెమి గారు ఫోన్లో మూడుసార్లు అడిగారు,
"ఇది యుద్ధం చూసిందా?"
చూసిందని తేలితే ధర రెట్టింపు.
దానికి ఓ లెఫ్టినెంటు పేరు తగిలితే
ఇక చెప్పే పనే లేదు.

హెల్సింకి. ఫిబ్రవరి.
పాత దస్తావేజుల గదిలోకి పెన్ను రానివ్వరు.
ఆ చలికాలపు జారీ పుస్తకాలు పద్నాలుగు.
రెండింటికి అట్టల్లేవు,
ఒకటి ఎప్పుడో తడిసి ఇటుకైపోయింది.
నాలుగు రోజులు వేళ్లు నల్లబడ్డాక
తొమ్మిదో పుస్తకంలో, పేజీ అడుగున,
మడత కింద దాక్కుని ఉంది నా నంబరు.

తీసుకున్నవారు: ఆర్మస్ వెహ్విల.
హోదా చదవడానికి కళ్లద్దాలు తుడుచుకున్నాను.
పశువైద్యుడు.
గుర్రాల ఆసుపత్రి, మూడో కొట్టం.

ముందు నవ్వొచ్చింది,
రౌతనియెమి మొహం తలచుకుని.

తర్వాత తూటాల పద్దు తెప్పించాను.
సైన్యం తూటాల్ని గుత్తగా రాస్తుంది:
వెయ్యి, పదివేలు,
ఎటు పోయాయో అడిగే నాథుడుండడు.
ఈయన ఒక్కొక్కటే రాశాడు.
సిరా గడ్డకట్టే చలి, అంతా పెన్సిలే.

రుస్కో, ముందుకాలు విరిగింది, ఒకటి.
తహ్తి, కడుపులో ఇనుపముక్క, ఒకటి.
పేరు తెలీదు, నల్లది,
గిట్ట మీద ఆరువందల పదకొండు, రెండు.

ఆ "రెండు" దగ్గర పెన్సిలు ఎంత ఒత్తాడంటే
పేజీ వెనక వేలికి తగులుతోంది.

రైతుల చేతిలో రసీదు పెట్టి
నాగళ్ల నుంచి విప్పుకొచ్చిన గుర్రాలు.
వాటికీ నంబర్లే,
ఉక్కుకు పొడిచినట్టే గిట్టకూ కాల్చి.

నలభై మూడు వరసలు.
ముప్ఫయ్యో దానికి కాస్త అటూ ఇటూగా
ఒకటి కొట్టేసి ఉంది:
హెల్కా, పొట్టి జూలు, లేవడం లేదు, ఒకటి.
ఆ ఒకటి మీద గీత.
పక్కన ఇరుకులో, అక్షరాలు ఒకదానిమీదొకటి పడుతూ,
"లేచింది."
తూటా తిరిగి జమ.

నివేదిక రాశాను.
జారీ అయింది, వాడారు,
మంచు కరిగాక అప్పగించారు.
యుద్ధం చూసిందా అన్న ప్రశ్న ఎదుట
టీ చల్లారేదాకా కూర్చుని
"చూసింది" అని రాశాను.
ధర మీద ఆశ వద్దనీ రాశాను.
రైలు టికెట్టు, నాలుగు పూటల భోజనం, నా కూలి:
బిల్లు జతచేశాను.

పెట్టెలో సర్దేముందు
అలవాటు కొద్దీ పిడి మరలు విప్పాను.
జిడ్డు, కాస్త తుప్పు,
ఒక వెంట్రుక, ఎర్రమట్టి రంగుది.
మనిషిదో, జూలుదో
చెప్పేంత విద్య నాకు లేదు.

దాన్ని నివేదికలో ఎక్కించలేదు.
ఉన్నచోటే ఉంచి
మరలు బిగించేశాను.