పద్నాలుగో పేజీల మూడు లైన్లు

ఆదివారం ఆబిడ్స్‌ల
మూసిన షట్టర్ల ముంగట, ఫుట్‌పాత్ మీద
ఎంసెట్ గైడ్ల కింద నలిగి దొరికింది.
ముందు అట్ట లేదు. వెనుక అట్ట మీద
చాయ్ గిలాస ఇడిచిపోయిన గుండ్రం.
"క్రికెట్ బుక్కు మేడం, వంద" అన్నడు మొయిజ్.
"క్రికెట్ గాదు భాయ్, బేస్‌బాల్" అన్న.
"అట్లనా, అయితే నలభై ఇయ్యుండ్రి."

గా అరవై రూపాయల తేడాలనే
పదకొండేండ్లు ఆడిన నేను.

బస్సుల కిటికీ పక్కన కూసోని తిప్పిన.
నల్లా తెల్లా ఫొటోలు,
టోపీ నీడల కండ్లు కనవడని మొగోళ్లు.
ఒక పిచ్చర్ చెయ్యి గురించి ఇరవై రెండు పేజీలు.
బంతి ఇడిచే ముందు ముక్కు గోక్కుంటడట.
ఓడిన రాత్రి బూట్లు ఇప్పకుంటనే పండుకున్నడట.
మంచం పక్కన కూసోని చూసినట్టే రాసిన్రు.
నా ఇంగ్లీషు నడుమ నడుమ కుంటుతది గని
ముక్కు గోక్కునుడు మంచిగనే సమజైంది.

ఎస్తేరు సుత గట్లనే.
బోయిగూడ ఎస్తేరు.
బంతి ఇడిచే ముందు భుజంతోని చెవి రుద్దుకునేది.
అది జూస్తే నాకు ఎరుకయ్యేది,
ఇప్పుడొచ్చేది లోపలికి తిరిగే బంతి అని.
అవతలోళ్లకు ఎన్నడు ఎరుకగాలే.

మౌలాలి రైల్వే గ్రౌండుల
క్రికెట్ పోరగాళ్లు నిద్ర లేవకముందే
సున్నంతోని గీతలు గీసుకునేటోళ్లం.
తొమ్మిది మందికి ఆరు గ్లవ్స్.
ఇన్నింగ్స్ మారంగనే అవతలి టీముకు ఇచ్చి పోవాలె,
మళ్ల మా చేతికొచ్చేసరికి
లోపల ఎవలదో చెమట, ఇంక వెచ్చగ.
నా మొకానికి హాకీ గోలీ మాస్కు.
నుస్రత్ యాకుత్‌పురా నుంచి ట్యూషన్ అని జెప్పి వచ్చేది,
దాని ఫిజిక్స్ బుక్కే మాకు థర్డ్ బేసు.
అట్ట మీద మా అందరి బూట్ల ముద్రలు.
పాసైంది, అరవై ఎనిమిది మార్కులు.

ఫైనల్ నాడు ఆఖరి ఇన్నింగ్స్,
ఒక్క పరుగు మా చేతుల ఉన్నది.
భుజం చెవికి తగిలింది.
బంతి తిరిగింది.
బ్యాటు గాలిని కొట్టింది.
నా గ్లవ్‌ల పడ్డ సప్పుడు
ఇప్పటికి అరచేతుల ఉన్నది, చెవుల గాదు.

తెల్లారి పేపర్ల పద్నాలుగో పేజీ, మూడు లైన్లు:
"బాస్కెట్‌బాల్‌లో మన అమ్మాయిల విజయం."
పక్కన బోరు మోటర్ల యాడ్, నిలువున పేజీ సగం.
ఎస్తేరును ఈశ్వరి అని రాసిన్రు.
"ఆ ఈశ్వరి ఎవలో గని మంచిగ ఆడిందట" అని
పడి పడి నవ్వింది ఎస్తేరు.
మళ్ల కత్తెర అడిగి, కత్తిరించుకోని
బైబిల్‌ల దాసుకున్నది.

మైదానంల ఎనిమిది మంది నా దిక్కే చూస్తరు.
వాళ్లందరి దిక్కు చూసేది క్యాచర్ ఒక్కతే.
మోకాళ్లు అరిగినయి గని
చూసింది అరగలే.

పుస్తకం ఆఖర్ల ఐదు ఖాళీ పేజీలు.
ఒకదాంట్ల పాత మనిషెవలో పాల లెక్క రాసుకున్నడు,
"మంగళవారం రాలేదు" అని.
దాని కిందికెళ్లి మొదలువెట్టిన:
ఎస్తేరు. భుజం. చెవి.
ఆడ ఆగిపోయిన.

ఫోన్ జేసిన.
చిలకలగూడ స్కానింగ్ సెంటర్ల టోకెన్లు ఇస్తదిప్పుడు.
కుడి చెయ్యి భుజం దాటి లేవదు,
జడ చెల్లె ఏస్తది.
"ఏ భుజమే, కుడిదా ఎడమదా?" అని అడిగిన.
"దేనికి?"
"రాస్తున్న."
కొంచెంసేపు ఏం మాట్లాడలే.
యాభై మూడు, యాభై మూడెవరు అని అరిచింది ఎవల మీదనో.
ఇగ మెల్లగ అన్నది,
"ఆగు, చేసి చూస్తా."