నైట్ వాచ్‌మన్

రాత్రి పదకొండుకి మేత బస్తా మీద కూర్చుని
పేపరు విప్పుతాను.
నిన్నటిది కాదు, మొన్నటిదీ కాదు.
నీళ్ళ పరీక్ష సీసాలు పగలకుండా
ల్యాబులో దీవెన గారు చుట్టిచ్చిన ఇంగ్లీషు కాగితం.
ఒక మూల తడి, ఒక మూల మందు వాసన,
వార్త మాత్రం పొడిగానే ఉంది.

"ముందు ఆటల పేజీ చదువు సత్తిపండూ,
అందులో సగం కథ నీకు ముందే తెలుసు.
తెలీని మాట అడ్డొస్తే
తెలిసిన మాటలే చెయ్యిచ్చి దాటిస్తాయి.
సైన్సు తర్వాత. అక్కడెవరూ చెయ్యివ్వరు."
అంటూ అంచున అయిదు ప్రశ్నలు రాసిస్తారావిడ.
బ్యాంకు పరీక్షకి నూట పన్నెండు రోజులు.
రాజుగారి పంటకి ఇంకా నలభై.

యనమదుర్రు గట్టు మీద పాక.
నాలుగు చెరువులు, పదహారు ఏరియేటర్లు.
అవి తిరిగినంతసేపూ ఆ చప్పుడు నాకు వినపడదు.
ఒక్కటి ఆగితే
నిద్దట్లోనైనా వినపడుద్ది.

ఇంగ్లీషులో అలా ఆగిన మాట ఇదీ:
మొదటిరోజు ఆఖర్న వికెట్టు పడితే
నైట్ వాచ్‌మన్ బ్యాటు పట్టుకొచ్చాడట.
మూడుసార్లు చదివాను.
వాచ్‌మన్‌కి గ్రౌండులో ఏం పని?
మరి గేటు ఎవరు చూస్తున్నట్టు?
డిక్షనరీలో రెండు మాటలూ విడివిడిగా ఉన్నాయి.
రాత్రి. కాపలావాడు.
అంటే నేనే,
కాళ్ళకి ప్యాడ్లు కట్టుకుని
టార్చిలైటు పాకలో మర్చిపోయి.
నా నవ్వుకి చెరువులో నీటికాకి లేచిపోయింది.

పేజీ అక్కడే మడిచి సైన్సుకెళ్ళాను.
సముద్రాల్లో కరిగున్న ఆక్సిజన్
ఏడాదికేడాది తగ్గుతోందట.
ఒక్కసారిగా ఊపిరాడింది నాకు.
డీవో సంగతి నాకు చెప్పాలా?
మీటరు కంటే ముందు నాకు తెలుస్తుంది,
రొయ్య గట్టు వారకొచ్చి మీసం పైకెత్తినప్పుడు.
మూడో ప్రశ్న: తగ్గితే ముందు జరిగేదేమిటి?
రాశాను. రొయ్యలు తేలతాయి. మనిషి పరిగెడతాడు.
స్పెల్లింగులు అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

మర్నాడు ల్యాబులో ఎర్ర పెన్నుతో సున్నా.
"నువ్వు రాసింది నిజమే సత్తిపండూ,
కానీ పాసేజీలో లేదు.
నీకు తెలిసిందేంటని అడగలేదు వాళ్ళు."
కోపం రాలేదు.
ఆ మాట నాకు కొత్తా?
చెరువు గట్టున పదేళ్ళుగా వింటున్నదే, వేరే గొంతుల్లో.

ఆ రాత్రి మళ్ళీ చదివాను, వేలు పెట్టి, మెల్లగా.
నాలుగో లైనులో ఉంది.
చేపలు కిందనుంచి పై పొరల్లోకి జరుగుతాయని.
అదే కదా నేను రాసింది!
కాదు.
తెలిసిన కథ కదా అని
ఆ లైను మీంచి దూకేశాను.
చెయ్యిచ్చిన మాటలే
చెయ్యి పట్టుకుని పక్కకి లాగేశాయి.

మూడుంపావుకి కరెంటు పోయింది.
చదువుతున్న వాక్యం ఎక్కడుందో అక్కడే వదిలి
జనరేటర్ దగ్గరికి ఒకటే పరుగు.
రెండుసార్లు దగ్గి, మూడోసారికి అందుకుంది.
ఒక్కో చక్రమే నీళ్ళు చిమ్ముతుంటే
తెల్లారేదాకా గట్టు చుట్టూ తిరిగాను,
టార్చి వేసి నీళ్ళ అంచు చూసుకుంటూ.
ఒక్క మీసమూ పైకి రాలేదు.

వెలుగొచ్చాక మడిచిన పేజీ విప్పాను.
నైట్ వాచ్‌మన్ పొద్దున్న కూడా ఉన్నాడట,
నలభై బంతులకి నాలుగు పరుగులు.
గెలిపించడానికి కాదు పంపింది.
అసలు బ్యాట్స్‌మన్ ఆ మసక వెలుతురులో
దిగకుండా ఉండటానికి.
డిక్షనరీ తియ్యలేదు నేను.

అయిదో ప్రశ్న: అతన్ని ఎందుకు పంపారు?
వేళ్ళకి డీజిలు ఉంది. అయినా రాశాను.
చీకటి పడుతోంది కాబట్టి.
ఇది నాకు తెలిసిందే,
కానీ ఈసారి పాసేజీలో కూడా ఉంది, ఆరో లైను.
దీవెన గారు అడిగితే
వేలు పెట్టి చూపిస్తాను.