మిగిలిందెంత

గాబొరోనేలో అక్టోబరు. రేకు కప్పు కింద ఆఫీసు.
ఫ్యాను తిప్పిన గాలి ఫ్యానుకే సరిపోతోంది.
బల్ల మీద త్సబాంగ్ వాన పుస్తకం:
అరవై ఏళ్ల మిల్లీమీటర్లు, నీలం సిరా,
ఎవరి చెమటో పడి
ఒక ఏడు ఒకటిలా అలుక్కుపోయింది.

రోడ్ల శాఖకి ఒకే ఒక్క సంఖ్య కావాలి.
ఆ వాగు మీద తూము ఎంత వెడల్పు కట్టాలి?
మాకు వాన పేరూ పులా, డబ్బు పేరూ పులా.
ఎన్ని పులాలు పోస్తే ఎంత పులాకి నిలుస్తుందని
చాలా మర్యాదగా ఉత్తరం రాశారు.

రోజువారీ వానని గామా వంపు కింద పరిచాను.
సున్నా నుంచి ఇక్కడి దాకా వైశాల్యం.
దాకా, అంతే.
అందుకే దాని పేరులో అసంపూర్ణం.

నిజానికి సున్నా దగ్గరే మొదటి పేచీ.
వాన పడని రోజుకి లాగరిథమ్ లేదు,
పుస్తకం నిండా అవే రోజులు.
వాటిని లెక్కపెట్టి వేరే మూట కట్టాను.

ఫాక్టోరియల్‌ని నేరుగా ముట్టుకోకూడదు.
నూట డెబ్బై మెట్లెక్కాక యంత్రం
అనంతం అనేసి కూలబడుతుంది.
లాగరిథమ్ చేత చెవిలో చెప్పించుకోవాలి.
ఆపైన శ్రేణి: పాత పదాన్ని ఎక్స్‌తో హెచ్చవేసి
ఒకటి పెరిగిన ఏతో భాగించి
కలుపు, కలుపు,
కలిపినా తేడా కనపడనంత దాకా కలుపు.
చివరికి ఒకటిలోంచి తీసేయి.
మిగిలిందే, అంతకు మించిన వాన.

తెర మీద: సున్నా.
అంత వాన పడదు.

"పడింది" అన్నాడు మొలెబత్సి.
త్సబాంగ్‌లో ముప్ఫై ఏళ్లు గేజీ చూసినవాడు,
పింఛను కాగితం కోసం వచ్చి నా వెనక నిలబడ్డాడు.
"ఆ ఫిబ్రవరి రాత్రి మోకాల్లోతు నీళ్లలో
మూడుసార్లు వెళ్లి గేజీ ఒంపాను.
మూడోసారి థర్మామీటర్ల పెట్టె మీద
ఒక మేక ఎక్కి నిలబడి ఉంది."

పాత ప్రోగ్రాముకి ఏడంకెల జ్ఞాపకం.
తొమ్మిదుల వరస దాంట్లో పట్టక
ఒకటి అని రాసుకుంది. ఒకటిలోంచి ఒకటి.

"ట్యాంకులో నీళ్లెన్నో ఎలా చూస్తావు, మ్మా బొయికాన్యో?
నిండు ట్యాంకులోంచి వాడిన బకెట్లు తీసేస్తావా?"
వేలి కణుపుతో నా బల్లని తట్టాడు,
పైన, కొంచెం కింద, ఇంకా కింద,
మోత మారేదాకా.

మధ్యాహ్నం అన్నం మానేసి
అటు చివరినుంచి రాశాను.
భిన్నం కింద భిన్నం, దాని కింద ఇంకో భిన్నం.
హరం సున్నా అయితే అంతా పోతుందని
ముప్ఫైయో దశాంశంలో
ఒక చిటికెడు అబద్ధం వేసి.

బిందువు తర్వాత తొమ్మిది సున్నాలు. ఆపైన నాలుగు.
ముసలాయన తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు,
తొమ్మిది మరకలు.

రెండు వందల యాభై కోట్ల రోజులకి ఒకసారి అంటోంది వంపు.
పుస్తకం అరవై ఏళ్లకే చూపించింది.
అంటే నేను పరిచిన వంపే పొట్టిది.
సున్నాతో వాదన ఏం పెట్టుకోను?
ఈ నాలుగుతో పెట్టుకోవచ్చు.

రోడ్ల శాఖకి రాశాను: తూము ఇప్పుడే కట్టకండి.
మేక సంగతి రాయలేదు.