రెండొందల్లో గోపాల్‌పూర్

పాత బస్టాండులో ఆటో ఎక్కేముందే
రెండొందలూ రెండుసార్లు లెక్కెట్టుకున్నాం,
నేనూ, నాతో అప్పడాలు ఒత్తే బాసంతీ.
పోనూ రానూ ఇద్దరికీ నూటిరవై.
"మిగతా ఎనభై సముద్రానిది" అంది ఒడియాలో.

రెండు బరాలు, మీద గరిటెడు ఘుగుని: పాతిక.
విరిగిన జెట్టీ స్తంభాలు చూడ్డం ఊరికే,
వాటి మీద కూచుని తగువులాడుకునే కాకులు కూడా.
లైట్‌హౌస్ టికెట్టు దగ్గర బాసంతి ఆగిపోయింది:
"పైకెక్కి చూసేది ఈ నీళ్లనే కదా?"

రొయ్యలు వేపుతున్న నోళియా ముసలామె
మా బేరం విని తలెత్తింది.
"ఏటమ్మా, తెలుగోళ్లా? ఏ వూరు?"
"ఇక్కడే, బరంపురం."
"పక్కనే ఉండి ఇన్నాళ్లూ రాలేదేటి మరి?"
దానికి నా దగ్గర చిల్లర లేదు.

యాభై అయిదుకి ఆకు నిండా పోసింది,
పైన ఇంకో నాలుగు, లెక్కలో లేనివి.
సోడా పిండికి పగిలిన వేళ్లకి కారం మండుతున్నా
ఆ నాలుగూ బాసంతే ముందు తినేసింది.

ఆఖరి ఆటోకి పరిగెడుతుంటే
వెనక దీపం తిరగడం మొదలెట్టింది.
ఒకసారి మా మీంచి కూడా వెళ్లింది,
టికెట్టు అడక్కుండా.