ఒక చెయ్యి కోటులో

త్సెబులా గారు అక్టోబరు నుంచి
కోటు తొడుక్కుంటున్నారు.
ఇప్పుడు ఫిబ్రవరి.
కుడి చెయ్యి ఒక్కటే లోపలికి వెళ్ళింది.

ఆయన ఎత్తు జానెడు.
లోపల రాగి తీగ, పైన ఆసుపత్రి దూది.
పొరలు పొరలుగా చుట్టాను కాబట్టి ఆ పేరు,
మా భాషలో ఉల్లిగడ్డ.
రాత్రి కాపలాదారు. డ్యూటీకి బయల్దేరాలి పాపం.
వెంట్రుకవాసి జరిపి ఒక ఫోటో,
మళ్ళీ వెంట్రుకవాసి, మళ్ళీ ఒకటి.
పన్నెండు ఫోటోలైతే ఒక సెకను.
మంచి రోజున మూడు తీస్తాను.
మంచి రోజులు ఎక్కువగా మంగళవారాలే, ఎందుకో తెలీదు.

తెల్లారి ఐదుంపావుకి ట్రాము.
ఆరింటికి ఆసుపత్రి లాండ్రీ.
ఊళ్ళో జబ్బులన్నీ దుప్పట్లై వచ్చి పడతాయి.
నేనూ బొగుమీవా చెరో కొసా పట్టుకుని
ఇస్త్రీ రోలర్ నోటికి అందిస్తాం.
అటువైపు దొంతరగా పడతాయి, వేడివేడిగా, అట్లలా.
రెండింటికి నన్ను కూడా అలాగే బయటికి తోస్తుంది.
కాకపోతే నాకు మడత సరిగ్గా కుదరదు.

"ఇంటికెళ్ళి మళ్ళీ బొమ్మలాటేనా?" అంటుంది బొగుమీవా.
ఎగతాళి కాదు. ఆవిడ భుజాలకి యాభై ఎనిమిదేళ్ళు.
"నాకైతే వేణ్ణీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకోవడమే కళ."

మా ఊరి పేరు వూచ్, అంటే పడవ.
నది మాత్రం కనబడదు.
మిల్లులు లేచిన రోజుల్లో దాన్ని గొట్టాల్లోకి దూర్చి
పైన రోడ్డేశారు.
ట్రాము దిగి నడుస్తూ ఒక్కోసారి
మ్యాన్‌హోల్ మూత దగ్గర ఆగుతాను.
ఏదో వినబడుతుంది.
నది కావచ్చు, మురుగు కావచ్చు.
ఆగినందుకు మాత్రం ఒక ఫోటో తగ్గుతుంది.

నా లెక్కలన్నీ ఇలాంటివే.
బీట్‌రూట్ సూపు కాచుకుంటే ఒక ఫోటో పోయినట్టే.
అక్క ఫోన్ చేస్తే ఆ సాయంత్రమే పోయినట్టు.
ప్రేమలో పడితే ఎన్ని పోతాయోనని
పోయినేడు ఒకతనితో సినిమాకి రానన్నాను.
ఆ రాత్రి ఏమీ తీయలేదు.
గోడ చూస్తూ కూచున్నాను.

నిన్న తలుపు తీసేసరికి ఒంట్లో పిసరంత ఓపిక లేదు.
అయినా దీపాలు వేశాను. కెమెరా వేశాను.
కోటు విప్పుతూ విప్పుతూ కుర్చీలో కూలబడి
నిద్రపోయాను.
మెలకువ వచ్చేసరికి మూడు.
ఎడమ చెయ్యి బయట, కుడి చెయ్యి ఇంకా కోటులో.
బల్ల మీద త్సెబులా గారు కూడా అంతే.
కాసేపు ఒకరినొకరం చూసుకున్నాం.

చలికి మళ్ళీ తొడుక్కోబోయాను.
ముందు చెయ్యి కదల్లేదు.
ముందు భుజం దిగింది.
తల ఆ వైపుకి ఒరిగింది.
చెయ్యి, ఎవరిదో అరువు తెచ్చినట్టు,
చివరన వచ్చింది.

మరి ఈయన చేత నేనెలా తొడిగిస్తున్నాను?
కులాసాగా, చెయ్యి జాపి,
పెళ్ళికి బయల్దేరినవాడిలా!

అక్టోబరు నుంచి తీసినవన్నీ చెరిపేశాను.
యాభై మూడు.
నాలుగు సెకన్లు, పైన అయిదు ఫోటోలు.
ఏడుపొస్తుందనుకున్నాను. ఆకలేసింది.
నిలబడే రొట్టె తిన్నాను.

ఆయన చెయ్యి మెల్లిగా కోటులోంచి బయటికి తీశాను.
భుజం కిందికి వంచాను, వెంట్రుకవాసి.
ఒక ఫోటో.
ట్రాముకి ఇంకా గంట ఉంది.