చెవుల్లో దూది

నాయన ఆదోనిలో జిన్నింగు మిల్లు హమాలీ.
సందెకాడ ఇంటికొస్తే
మీసాల్లో, కనుబొమ్మల్లో తెల్లగా పత్తి నూగు,
నాటకంలో ముసలోని వేషమేసినట్టు.
సైకిలు స్టాండు ఒక్క తన్నుకే పడితే
ఆ రాత్రి మాకు అన్నం.
రెండో తన్ను వినపడిందంటే
తమ్ముణ్ణి చంకనేసుకొని మిద్దె మెట్లకింద దూరేదాన్ని.

ఉరుకుందుకు అప్పుడు నాలుగేండ్లు, నాకు తొమ్మిది.
నాయన తువ్వాలకంటిన దూదినే
గిల్లి గిల్లి పోగుజేసి, ఉండజేసి
వాని చెవుల్లో కుక్కేదాన్ని.
నావి మాత్రం తెరిచే పెట్టుకునేదాన్ని.
ఎప్పుడు ఆగిందో
ఒకరికన్నా తెలియాల గదా.

పొద్దున్నే అమ్మ ఉగ్గాని చేసేది.
నానిన బొరుగులు పిండే చేతికి గాజుల్లేవు.
"బండమీద జారినా" అనేది పక్కింటి మాబున్నీతో.
మాబున్నీ ఏమీ అడక్క
తన చేతివి రెండు తీసి తొడిగేది.
మా బండ అంత నున్నగా ఎప్పుడూ లేదు.

బడిలో లెక్కల సారు డస్టరు బల్లకేసి కొడితే
పిల్లోళ్ళంతా సారును చూసేవాళ్ళు.
నేను తలుపు ఎంత దూరముందో చూసేదాన్ని.

నాయన పోయి ఆరేండ్లాయ.
ఉరుకుందుకు ఇప్పుడు బస్టాండుకాడ సెల్లు రిపేరు కొట్టు.
శానా నిదానం చేతులు వానివి,
ఆవగింజంత స్క్రూను కూడా బతిమాలి తీస్తాడు.
పెండ్లి మాటెత్తితే మాత్రం
అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంటాడు.
"ఇవి నాయనవే గదక్కా" అంటాడు.

మా ఇంటాయన తిక్కయ్య
తలుపు కూడా సప్పుడుగాకుండా ఏస్తాడు.
పదకొండేండ్ల కాపురంలో ఒక్క గిన్నె విసిరింది లేదు.
నేనే,
చారులో ఉప్పెక్కువైన నాడు
కంచం పెట్టి గోడకు వీపానించి నిలబడతా.
"బాగుందిలే" అంటాడు.
ఆ ఒక్క మాట నమ్మేదానికి
నాకు తెల్లారుతుంది.

మొన్న కొట్లో కూసోని అడిగినా తమ్ముణ్ణి,
ఇన్నేండ్లకు:
"దూది పెడితే నీకేం వినపడేది కాదు గదరా?"

స్పీకరు పోయిన సెల్లొకటి చెవికానించుకొని ఉన్నాడు.
తీయలేదు.
"అంతా వినపడేదక్కా.
నువ్వు అంత కష్టపడి పెట్టినావు గదా అని
నిద్రపోయినట్టు ఉండేవాణ్ణి."