పొగగొట్టం ఎడమవైపు

ఆస్మస్ బతుకులో రెండే పనులు నేర్చాడు.
మొదటిది, నలభై ఏళ్లు మా ద్వీపం చేత నోరు తెరిపించడం.
రెండోది కిటికీ పక్క బల్ల మీద, ఇదిగో,
మూరెడు పొడుగున.

పరికరాలు మారలేదు.
నా దవడపంటి పుచ్చు గోకిన వంకీసూదే
ఇప్పుడు పలకల సందులో ఎండిన బంక గోకుతుంది.
నోట్లో పెట్టే బుల్లి అద్దం
ఓడ కడుపులోకి తొంగి చూస్తుంది.
పగలు నేను ఫెర్రీ టికెట్లు చింపుతాను,
సాయంత్రం వచ్చి తాళ్లకు ముడులు వేస్తాను.
నా వేళ్లు సన్నం. జీతం కాఫీ.

చెక్క బేరిచెట్టుది. పాస్టరుగారి తోటలో గాలివానకి కూలింది.
మూడేళ్లు అటక మీద ఆరబెట్టాడు.
పచ్చిచెక్క ఇవాళ మాట వింటుంది,
ఏడాది తిరక్కుండా పగ తీర్చుకుంటుంది, అంటాడు.

వెన్నుకర్ర. దానికి పద్దెనిమిది జతల పక్కటెముకలు.
అగ్గిపుల్ల మందం పలకని
కెటిల్ మూతి దగ్గర ఆవిరికి పట్టి
మెత్తబడ్డాక వంచాలి.
ఆత్రపడితే టప్‌మంటుంది.
ఆ చప్పుడుకి ఆయన చప్పున
నా దవడ వైపు చూస్తాడు.

పలక అంచుకి పెన్సిల్ రాస్తే తారు.
వెదురుపుల్లని ఇనపరేకు బెజ్జాల్లోంచి
పెద్దదాంట్లోంచి చిన్నదాంట్లోకి, ఇంకా చిన్నదాంట్లోకి
లాగి లాగి కోస్తే మేకు.
పదకొండు వందల మేకులు. లెక్క నాదే.
దారానికి టీ డికాక్షన్, ఆపైన తేనెమైనం.

ఇది 'తెర్నే'. ఉప్పుచేపల కోసం
న్యూఫౌండ్‌లాండ్ వెళ్లి, అటే ఉండిపోయిన ఓడ.
చర్చి కప్పు నుంచి వేలాడాలి, ఈస్టర్‌కల్లా.

ఫిబ్రవరిలో గ్యూదె వచ్చింది,
ఆ ఓడలో వంటవాడు జెప్పె పెళ్లాం.
అప్పటికి డెక్ మూసేశాం, వార్నిష్ వాసన తగ్గలేదు.
కళ్లద్దాలు నుదుటికెత్తి చూసి
"పొగగొట్టం కుడివైపు పెట్టారేం?" అంది.
నక్షా అలాగే ఉంది, చూపించాం.
ఆవిడ ఉత్తరం తీసింది:
'గొట్టం ఎడమ పక్క పెట్టిన వడ్రంగి దొరికితే
వాణ్ని చేపలా చీల్చి ఎండేస్తాను,
గాలి ఎటు తిరిగినా పొగ నా కళ్లలోకే.'
"నక్షా గీసినాయన ఆ ఓడలో గంజి కాచాడా?" అంది, వెళ్లిపోయింది.

కుడి బెజ్జం పూడ్చి ఎడమన ఇంకోటి పొడుద్దామన్నాను.
"పొయ్యి కుడివైపే ఉండిపోతుందిగా, లోపల."
"లోపల ఎవరికి కనిపిస్తుంది?"
పళ్లు పీకినవాణ్ని ఆ మాట అడక్కూడదని
అడిగాక తట్టింది.

స్పిరిట్‌లో ముంచిన దూది పరిచాడు. బంక నానాలి, గంట పడుతుంది.
ఆ గంటలో, నా వైపు చూడకుండా,
"జెప్పె ఆఖరిసారి కుర్చీలో కూర్చున్నప్పుడు
రెండు పీకాను" అన్నాడు.
"ఒకటి సరిపోయేది."
నేను దారానికి మైనం పడుతూనే ఉన్నాను.

తరవాత పట్టకారు అందుకుని, వంగి,
ఓడతో మెల్లగా, అలవాటుగా,
"కొంచెం నొప్పి ఉంటుంది."
నాలుగు పలకలు చెక్కుచెదరకుండా లేచాయి.
అయిదోది విరిగింది.

చింతగింజంత పొయ్యిని ఎడమకి జరిపాం.
మూసే ముందు చొక్కా జేబులోంచి
దూదిలో చుట్టిన తెల్లటిదేదో తీసి
పొయ్యి పక్కన పెట్టి బంక చుక్క వేశాడు.
"బరువు," అన్నాడు, "ఒరక్కుండా."
వేలాడే ఓడ ఎటు ఒరుగుతుందో నేను అడగలేదు.

ఈస్టర్‌నాడు పైకి ఎక్కించాక తెలిసింది,
బెంచీల నుంచి చూస్తే కనబడేది ఓడ అడుగు మాత్రమే.
ఇంత రభసా చేసిన గొట్టం ఎవరికీ కనబడదు.
కీర్తన మధ్యలో గ్యూదె లేచింది.
ఆర్గన్ ఉన్న మేడ మెట్లు, నిటారువి, కిర్రుమనేవి,
ఒక్కోటి ఒక్కోటి ఎక్కింది.
అందరి తలలూ తిరిగాయి. పాస్టర్ ఒక పంక్తి మరిచిపోయాడు.
కటకటాల మీద చేతులుంచి చాలాసేపు చూసింది.

బయట గాలిలో, శాలువా సర్దుకుంటూ,
ఆస్మస్‌తో అన్నది ఇంతే:
"అందులో ఒక పలక కొత్తది."

"అవును," అన్నాడాయన.
"రంగు కలవడానికి ఇరవై ఏళ్లు పడుతుంది."